సూర చేప వేట: బోటు ఎక్కేముందు, దిగిన తర్వాత

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికా తూర్పు తీరం నుంచి వచ్చాయి. న్యూజెర్సీ, మసాచుసెట్స్‌లలో మన వాళ్ళు నలుగురైదుగురు కలిసి చార్టర్ బోటు మాట్లాడుకుని ట్యూనా వేటకు వెళ్ళడం ఇప్పుడు మామూలైంది. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం. ఒక మాట ముందే చెప్పాలి. ట్యూనా, అంటే మన తీరంలో సూర అనే చేప, మిగతా చేపల్లా చల్లటి ఒళ్ళున్నది కాదు. తన కండరాల్లో పుట్టిన వేడిని తనే దాచుకుంటుంది. గాలానికి పడ్డాక అది చేసే పోరుకీ, బోటులోకి లాగాక మాంసం పాడవడానికీ ఆ వేడితో సంబంధం ఉంది. కింది జవాబుల్లో ఆ సంగతి పదేపదే వస్తుంది.

ప్రశ్న: ఆరుగురు స్నేహితులం జూన్‌లో ట్యూనాకు వెళ్దామనుకుంటున్నాం. ‘ఇన్‌షోర్ ట్రిప్’ అని ప్రకటన చూశాం. అంటే ఒడ్డు కనపడేంత దూరమేనా? కెప్టెన్‌ని ఏమేం అడగాలి? లైసెన్సు మేము తీసుకోవాలా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ఒడ్డు కనపడదు. ట్యూనా విషయంలో ఇన్‌షోర్ అంటే సుమారు 15 నుంచి 40 మైళ్ళు. హడ్సన్ కాన్యన్ లాంటి లోతు చోట్లకు వెళ్ళాలంటే 80 మైళ్ళు, ఆ పైన. అది రాత్రంతా ఉండే వేరే ప్రయాణం. జూన్‌లో తీరానికి దగ్గరగా దొరికేది బ్లూఫిన్. ఒంట్లో వేడి నిలుపుకోగలదు కాబట్టి నీళ్ళింకా చల్లగా ఉండగానే ఇసుక దిబ్బల మీది సన్నటి శాండ్ ఈల్ గుంపుల కోసం వచ్చేస్తుంది. ఎల్లోఫిన్‌కి నీరు ఇంచుమించు 21 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అందుకని అది జూలై తర్వాతి మాట.

చిన్న చార్టర్ బోట్లను అక్కడ ‘సిక్స్ ప్యాక్’ అంటారు. ఆ కెప్టెన్‌కి ఉండే కోస్ట్ గార్డ్ లైసెన్సు డబ్బు తీసుకుని ఆరుగురిని మించి ఎక్కించుకోవడానికి ఒప్పుకోదు. ఏడో మనిషిని ‘సర్దుకుందాం’ అని తీసుకెళ్ళే కెప్టెన్ బోటు ఎక్కకండి. నిజానికి ట్యూనాకి ఆరుగురు కూడా ఎక్కువే. రాడ్‌తో దూరానికి విసిరే వేటైతే ఒకసారికి ఇద్దరో ముగ్గురో మాత్రమే నిలబడి విసరగలరు, మిగిలినవాళ్ళు వంతు కోసం చూడాలి. నలుగురైతే అందరికీ చేతినిండా పని ఉంటుంది. లేదంటే ఎర తగిలించి బోటు వెనక లాక్కుంటూ పోయే ట్రోలింగ్ ట్రిప్ అడగండి, ఆరుగురికీ వంతులు సులువు.

మీకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. బోటుకు నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) మత్స్య విభాగం, దూరాలు వలసపోయే ట్యూనా లాంటి చేపల వేటకి ఇచ్చే ‘హెచ్‌ఎంఎస్ చార్టర్/హెడ్‌బోట్’ పర్మిట్ ఉండాలి. అది ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు. డీజిల్, ఎర, మంచు, చేప కోసివ్వడం చెప్పిన ధరలో కలిసే ఉన్నాయా, గాలి ఎక్కువై రద్దయితే అడ్వాన్సు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా, బోటులో టాయిలెట్ ఉందా అని అడగండి. మేట్‌కి, అంటే డెక్ మీద మీకు సాయం చేసే మనిషికి, ధరలో 15 నుంచి 20 శాతం టిప్పుగా ఇవ్వడం ఆనవాయితీ. ఆ లెక్క కూడా ఆరుగురూ ముందే పంచుకోండి.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి అడగాలి: పట్టిన చేప ఎవరిది?

ప్రశ్న: పోయినసారి పెద్ద చేప పడింది, కానీ కెప్టెన్ అది మాకివ్వలేదు. మనిషికొకటి తెచ్చుకోవచ్చనుకుని వెళ్ళాం. ఇది న్యాయమేనా? (పార్సిప్పనీ, న్యూజెర్సీ)

జవాబు: రెండు వేర్వేరు సంగతులు ఇందులో కలిసిపోయాయి.

మొదటిది, బ్లూఫిన్ పరిమితి మనిషికి కాదు, బోటుకి. రోజుకి ఒక బోటు ఇన్ని చేపలు, ఈ కొలతలోవి అని నోవా నిర్ణయిస్తుంది. అది సీజన్ మధ్యలో కూడా మారుతుంది. కోటా నిండితే మొత్తానికే ఆపేస్తారు. కాబట్టి బోటు మాట్లాడుకున్న రోజు ఉన్న నియమం వెళ్ళే రోజుకి ఉంటుందన్న భరోసా లేదు. వెళ్ళే ముందురోజు నోవా హెచ్‌ఎంఎస్ పర్మిట్ల వెబ్‌సైటులో చూసుకోండి. ఎల్లోఫిన్ లెక్క వేరు: మనిషికి రోజుకి 3, ఒక్కొక్కటి కనీసం 27 అంగుళాలు.

ఆ కొలత తిన్నగా తీసేది కాదు. పై దవడ కొస నుంచి తోక చీలిక దాకా టేపును ఒంటి వంపు వెంబడి ఆనించి తీయాలి. పక్క రెక్క పైఅంచునూ, తోక దగ్గర పొడుచుకొచ్చిన గట్టునూ తాకుతూ టేపు పోవాలి. ఆ కొలతలో 27 నుంచి 47 అంగుళాల లోపు బ్లూఫిన్‌ని ‘స్కూల్’ అంటారు. అది సుమారు 6 నుంచి 30 కిలోలు తూగుతుంది. 47 నుంచి 59 లోపు ‘లార్జ్ స్కూల్’, 60 కిలోల వరకు. 59 నుంచి 73 లోపు ‘స్మాల్ మీడియం’, వంద కిలోల పైదాకా. ఏ రోజు ఏ తరగతి ఉంచుకోవచ్చో నియమంలో ఈ పేర్లతోనే ఉంటుంది.

రెండోది, 73 అంగుళాలు, అంతకు మించిన చేప. వాణిజ్య అనుమతి కూడా ఉన్న చార్టర్ బోటు సీజన్ తెరిచి ఉన్నప్పుడు దాన్ని లైసెన్సున్న కొనుగోలుదారుకి అమ్మవచ్చు. చాలా బోట్లలో ఆ చేప బోటుదే అన్నది షరతు. ముందు చెప్పి ఉంటే న్యాయమే. చెప్పకపోతే మీ ఫిర్యాదు సరైనదే, అందుకే ఈ ప్రశ్న డబ్బు కట్టకముందే అడగాలి. సరదా వేట కింద ఇంటికి తెచ్చుకున్న చేపను మాత్రం ఎవరూ అమ్మకూడదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ‘కిలో ఇంత’ అని పెట్టినా అది అమ్మకమే. ఇరుగుపొరుగుకి ఊరికే పంచండి.

ప్రశ్న: కేప్ కాడ్‌లో చాటమ్ తూర్పున విసిరిన ఎరకి బ్లూఫిన్ తగిలింది. పదిహేను నిమిషాలు పట్టుకున్నాను, తెగిపోయింది. మళ్ళీ ఇంకొకటి, అదీ తెగింది. తంగూసు 65 పౌండ్లది, రీల్ కొత్తది. లోపం ఎక్కడ? (బాస్టన్)

జవాబు: తెగిన కొస దాచి ఉంటే కారణం అదే చెప్తుంది. కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారింది. నున్నగా కోసినట్టుంటే బ్లూఫిష్ పళ్ళు తగిలాయి, లేదా తంగూసు బోటు అంచుకో ప్రొపెల్లర్‌కో తగిలింది. తెల్లబారి, గరుకుగా పీచులేచి ఉంటే చేప తోకా ఒళ్ళూ రాసుకుని అరిగింది. గాలం తిరిగొచ్చి, వంపు విచ్చుకుని ఉంటే గాలం పల్చనిది లేదా రీల్ బిగింపు (డ్రాగ్) ఎక్కువ. తెగిన వెంటనే విసుగులో కొస కత్తిరించి పారేస్తారు చాలామంది. ముందు చూడండి, తర్వాత కత్తిరించండి.

మీరు రాసిన దాన్ని బట్టి మా అనుమానం డ్రాగ్ మీద. డ్రాగ్ అంటే చేప లాగినప్పుడు రీల్ ఎంత బరువు దగ్గర తంగూసు వదలాలో నిర్ణయించే బిగింపు. దాన్ని చేత్తో లాగి ‘బాగానే ఉంది’ అనుకోవడం ట్యూనాకి పనికిరాదు. రాడ్‌ని వేటలో పట్టుకునే కోణంలో పట్టుకుని, తంగూసు కొసకి స్ప్రింగ్ త్రాసు తగిలించి ఇంకొకరి చేత లాగించండి. తంగూసు బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు రావాలి. 65 పౌండ్ల అల్లిక తంగూసుకి అది సుమారు 16 నుంచి 22 పౌండ్లు, అంటే 7 నుంచి 10 కిలోలు. మొదట తక్కువ అంకెలోనే మొదలుపెట్టండి.

ఇక్కడే అసలు చిక్కు. చేప 200 గజాలు లాక్కుపోయాక చాలామంది భయపడి డ్రాగ్ బిగిస్తారు. చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. స్పూల్ మీద చుట్ట సన్నబడే కొద్దీ అదే బిగింపుకి లాగుడు బరువు పెరుగుతుంది. చుట్ట వ్యాసం సగమైతే బరువు రెట్టింపు: 8 కిలోలకి పెట్టింది 16 అవుతుంది. దానికి తోడు నీళ్ళలో వంపు తిరిగి ఉన్న పొడవాటి తంగూసుని నీరే వెనక్కి లాగుతుంది. ఆ పైన మీరు బిగిస్తే తెగక ఏమవుతుంది? దూరం పోయినప్పుడు పావు చుట్టు వదలండి. దగ్గరికి వచ్చి చుట్ట నిండాక మళ్ళీ మొదటి చోటికి తేండి. ఆ చోటు తెలిసేలా డ్రాగ్ మీటకో గుండీకో చిన్న రంగు గీత పెట్టుకోవాలి.

సామాను గురించి కూడా కొంచెం. స్పిన్నింగ్ రీల్ 14000 నుంచి 20000 సైజు, కనీసం 300 గజాలు పట్టేది. లీడర్, అంటే గాలానికి ముందు కట్టే వేరే తంగూసు ముక్క, 60 నుంచి 100 పౌండ్ల ఫ్లోరోకార్బన్, నాలుగు నుంచి ఆరు అడుగులు. అల్లికకీ లీడర్‌కీ మధ్య ఎఫ్‌జీ ముడి. ఇరవైకి తగ్గకుండా చుట్లు వేసి, తడిపి, రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని బలంగా బిగించాలి. సరిగ్గా బిగిస్తే అల్లిక లీడర్‌లోకి కొరుక్కుని రంగు ముదురుగా మారుతుంది. రంగు మారకపోతే అది జారే ముడే. ఊగే బోటులో కొత్తగా నేర్చుకునే ముడి కాదిది, ఇంట్లోనే కట్టుకుని వెళ్ళండి. ఎరకి కంపెనీ వాళ్ళిచ్చిన మూడు కొక్కాల గాలం తీసేసి ఒంటి గాలాలు వేయండి. వదిలేయాల్సిన చేపని గాయం లేకుండా వదలొచ్చు, మేట్ చేతికీ క్షేమం.

పట్టుకున్నాక రాడ్‌ని నిలువుగా ఎత్తకండి. నిలువుగా ఎత్తితే బలమంతా కొస మీద పడి విరుగుతుంది. నడుముకి ఆనించి, నీటిమట్టానికి 45 డిగ్రీలు దాటకుండా, చిన్న చిన్న ఎత్తులతో లాగి, దింపుతూ చుట్టాలి. ఒక్క అడుగు ఎత్తి ఒక్క అడుగు చుట్టడం, అంతే. కాసేపు అలుపు తీర్చుకుందామని ఆగితే అదీ అలుపు తీర్చుకుంటుంది, వెచ్చటి కండరం త్వరగా కోలుకుంటుంది. చివర్లో బోటు కింద గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఆ చుట్టులో సగం దూరం అది మననుంచి పోతుంది, సగం దూరం మనవైపు వస్తుంది. పోయేటప్పుడు ఊరికే పట్టుకుని ఉండండి, తల మనవైపు తిరిగిన ఆ సగంలోనే చుట్టండి. అయినా పైకి రాకుంటే కెప్టెన్‌కి చెప్పండి, బోటుని మెల్లగా ముందుకి నడిపి కోణం మారుస్తాడు. చేప వెనకవైపు దాటుతుంటే రాడ్ కొసని నీళ్ళలోకి ముంచి ఇంజిన్ల వెనకగా నడిచి రావాలి. లీడర్ కనపడగానే చేత్తో పట్టుకోవడం, కొంకి వేయడం మేట్ పని. మీరు దాన్ని ముట్టుకోకండి. లీడర్ చేతికి చుట్టుకుంటే వేళ్ళు పోతాయి.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. తనకీ నాకూ కారులోనే కడుపు తిప్పుతుంది. బోటెక్కగలమా? తినడానికి ఏం తీసుకెళ్ళాలి? (చెర్రీ హిల్, న్యూజెర్సీ)

జవాబు: ముందు అబ్బాయితో నాలుగు గంటల ట్రిప్ ఒకటి చేయండి, తీరానికి దగ్గరగా ఫ్లౌండర్ లాంటి చేపలకి వెళ్ళేది. అది తట్టుకుంటే ట్యూనా గురించి ఆలోచించవచ్చు. పదిగంటల బోటులో మధ్యలో వెనక్కి తిప్పమంటే మిగతా అందరి రోజూ పోతుంది.

పెద్దవాళ్ళకి మెక్లిజైన్ మాత్ర 25 నుంచి 50 మిల్లీగ్రాములు, బయల్దేరడానికి గంట ముందు. వాంతి మొదలయ్యాక వేసుకుంటే కడుపులో నిలవదు. నిద్ర వస్తుంది కాబట్టి వెళ్ళే రోజున కాకుండా అంతకుముందే ఒక సెలవురోజు ఇంట్లో వేసుకుని చూడండి. చెవి వెనక అంటించుకునే స్కోపొలమైన్ పట్టీకి డాక్టరు చీటీ కావాలి, కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి. గ్లకోమా ఉన్నవాళ్ళకి అది కుదరదు, పిల్లలకి వాడరు. అబ్బాయికి ఏ మందు, ఎంత అన్నది పిల్లల డాక్టరునే అడగండి.

బోటులో లోపలి గదిలోకి దిగకండి, ఫోన్ చూడకండి. వెనకవైపు మధ్యలో, డీజిల్ పొగ తగలని చోట నిలబడి దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని చూడండి. ఖాళీ కడుపు మంచిది కాదు, నూనె పదార్థాలు అంతకన్నా చేటు. పులిహోర, పూరీలు వద్దు. ఇడ్లీలు, ఉప్పు బిస్కెట్లు, అల్లం మురబ్బా, నీళ్ళు చాలు. అరటిపళ్ళు మాత్రం తీసుకెళ్ళకండి. అరటిపండు బోటెక్కితే చేప పడదని అక్కడి కెప్టెన్ల పాత నమ్మకం, కొందరు నిజంగానే ఒప్పుకోరు. వాళ్ళ బోటు, వాళ్ళ నమ్మకం.

ప్రశ్న: సెప్టెంబరులో మాకు పదేసి పౌండ్ల ‘ఆల్బకోర్’ చేపలు వరుసగా పడ్డాయి. మేట్ అన్నీ నీళ్ళలోకి విసిరేశాడు. ఎందుకు? (రోడ్ ఐలండ్)

జవాబు: అవి ఆల్బకోర్ కావు, ఫాల్స్ ఆల్బకోర్. వీపు మీద వంకర గీతలు, పక్క రెక్క కింద నాలుగైదు నల్లచుక్కలు ఉంటే అదే. నల్ల కండ ఎక్కువ, రక్తం ఎక్కువ, అందుకని అమెరికాలో చాలామంది తినరు. విశాఖ చేపలరేవులో సూరలని అమ్మే వాటిలో దీని దగ్గరి బంధువు ఉంది, ఇంగ్లీషులో కవకవ అంటారు. పొట్ట మీద పొడుగు నామాల్లాంటి చారలున్న నామాల సూర వేరు, అది స్కిప్‌జాక్. పట్టిన క్షణమే రక్తం పోనిచ్చి మంచులో పెడితే ఫాల్స్ ఆల్బకోర్ పులుసుకి బాగుంటుంది. ఉంచుకోవాలనుకుంటే ఎన్ని కావాలో మేట్‌కి ముందే చెప్పండి, ఆ రాష్ట్రపు నియమం ఏమిటో కూడా అతన్నే అడగండి.

బ్లూఫిన్, ఎల్లోఫిన్ తేడా పక్క రెక్క పొడవులో తెలుస్తుంది. బ్లూఫిన్‌కి అది పొట్టి, వీపు మీది రెండో రెక్క మొదలు దాకా కూడా చేరదు. ఎల్లోఫిన్‌కి దాన్ని దాటిపోతుంది. రంగుని నమ్మకండి, చచ్చాక అన్నీ ఒకలాగే కనపడతాయి.

ప్రశ్న: 30 కిలోల బ్లూఫిన్ తెచ్చుకున్నాం. ఇంటికొచ్చి కోస్తే లోపలి మాంసం ఎర్రగా లేదు. పాలిపోయి, ఉడికినట్టు, నీళ్ళోడుతూ పుల్లటి వాసన వచ్చింది. పట్టింది ఆ రోజే కదా, ఎలా పాడైంది? (ఫ్రామింగ్‌హామ్, మసాచుసెట్స్)

జవాబు: పాడైంది బోటులోనే. ముప్పావుగంట పోరాడిన ట్యూనా ఒంట్లో వేడి బాగా పెరిగి ఉంటుంది, కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని ఉంటుంది. ఆ రెండూ కలిసి మాంసకృత్తుల్ని ఉడికించినట్టే చేస్తాయి. చర్మం దగ్గర బాగానే ఉంటుంది, వెన్నెముక దగ్గర పాలిపోతుంది. మీరు చూసింది అదే. చేపని డెక్ మీద పడేసి ఫొటోలు తీసుకుంటూ కూర్చుంటే నిమిషనిమిషానికీ పెరుగుతుంది. ఫొటో ఒకటి తీసుకోండి, పని మొదలుపెట్టండి.

ముందు చేపని గిలగిల కొట్టుకోనివ్వకుండా చంపాలి. కళ్ళ మధ్య, కొంచెం వెనకగా మెత్తటి చోటు ఉంటుంది. అక్కడ మొనదేలిన ఇనుప చువ్వ దించితే మెదడు పోయి ఒళ్ళు ఒక్కసారి వణికి సడలుతుంది. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది కాబట్టి ఆ వెంటనే రక్తం తీయాలి. పక్క రెక్క మొదటి నుంచి మూడు వేళ్ళ వెడల్పు వెనక్కి, నడిమి గీత మీద, నాలుగైదు సెంటీమీటర్ల పొడవు, రెండు మూడు సెంటీమీటర్ల లోతు గాటు. రక్తం చిమ్మితే సరైన చోటు తగిలినట్టు, ఊరికే కారితే కొంచెం పక్కకి మళ్ళీ పెట్టాలి. రెండువైపులా చేసి, మొప్పల వెనక పొరని కూడా కోసి, తోకకి తాడు కట్టి తల నీళ్ళలో ఉండేలా ఐదు నుంచి పది నిమిషాలు వేలాడదీయాలి. సొరచేపలు తిరుగుతున్న చోటైతే నీళ్ళలో వేలాడదీయకుండా డెక్ మీదే గొట్టంతో సముద్రపు నీరు పెట్టండి. తర్వాత మొప్పలూ పేగులూ తీసేయాలి. ఆ ఖాళీలో కూడా వేడి దాక్కుని ఉంటుంది.

ఇక మంచు. పొడి మంచు గడ్డల మీద చేపని పడుకోబెడితే తగిలిన చోటే చల్లబడుతుంది. మంచు రెండు పాళ్ళు, సముద్రపు నీరు ఒక పాలు కలిపి జావలా చేసి చేపని అందులో ముంచాలి. ఉప్పునీరు కాబట్టి సున్నా డిగ్రీల కిందికి కొంచెం దిగుతుంది, ఒంటినంతా అంటుకుంటుంది. పొట్ట ఖాళీలో కూడా మంచు కూరాలి. లెక్క వేస్తే 30 కిలోల చేపని 28 డిగ్రీల నుంచి సున్నాకి దింపడానికే 9 కిలోల మంచు కరిగిపోతుంది. కలిపిన సముద్రపు నీటిని చల్లార్చడానికి ఇంకొన్ని, ఎండకి, మూత తీసినప్పుడల్లా ఇంకొన్ని. అందుకని ఆ సైజు చేపకి 40 కిలోల మంచు లేకుండా రేవు దాటకూడదని మా అభిప్రాయం. బోటు ఎక్కేటప్పుడు చేపల పెట్టె మూత ఎత్తి చూడండి. అడుగున నాలుగు సంచుల మంచు కనపడితే అక్కడే రేవులో ఇంకా వేయించండి.

ముక్కలు మాత్రం బోటులో కోయించకండి. బ్లూఫిన్‌ని రేవుకి పూర్తిగా తేవాలి. లేదా పొట్ట తీసి, తల తీసినా కనీసం ఒక పక్క రెక్కా తోకా అంటుకుని ఉండాలి. పట్టిన లెక్కని రేవు చేరిన 24 గంటల్లో నోవాకి చెప్పాలి, ఆ బాధ్యత బోటుది.

ఇంటికి కారులో తెచ్చేటప్పుడు కోసిన ముక్కల్ని సంచుల్లో మూసి మంచులో పెట్టండి, కూలర్ అడుగు బిరడా తీసి ఉంచండి. కరిగిన మంచినీళ్ళు తగిలితే మాంసం తెల్లబారి రుచి పోతుంది.

ప్రశ్న: స్నేహితుడిచ్చిన ట్యూనా కూర తిన్న అరగంటకి మా ఇంట్లో ఇద్దరికి ముఖం ఎర్రబడి, తలనొప్పి, గుండెదడ. ఇది ఎలర్జీయా? బాగా ఉడికించాం కదా! (సోమర్సెట్, న్యూజెర్సీ)

జవాబు: ఒకే కూర తిన్న ఇద్దరికి ఒకేసారి వచ్చిందంటే హిస్టమిన్ విషం అయ్యుండే అవకాశం ఎక్కువ. చేప వెచ్చగా ఉండిపోయినప్పుడు బ్యాక్టీరియా దాని కండలోని హిస్టిడిన్‌ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఒకసారి తయారైందంటే ఉడికించినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు. వాసనతో కూడా పట్టలేరు, ఒక్కోసారి నాలుక మీద మిరియం కొరికినట్టు మంట మాత్రం తెలుస్తుంది. ఆ మంట తెలిస్తే మింగకండి. చేపని పట్టినప్పటి నుంచి పొయ్యి దాకా 4 డిగ్రీలు దాటనివ్వకపోవడం తప్ప దీనికి వేరే దారి లేదు. చాలామందికి కొన్ని గంటల్లో తగ్గుతుంది. కానీ ఊపిరాడకపోయినా, నాలుక వాచినా, కళ్ళు తిరిగినా వెంటనే 911కి ఫోన్ చేయండి. తగ్గినా డాక్టరుకి చెప్పండి, నిజమైన ఎలర్జీ కాదని తేల్చుకోవాలి.

పచ్చిగా తినడం గురించి కూడా ఇంకొకరు అడిగారు. పురుగుల భయంతో చేపని ముందు ఫ్రీజ్ చేయాలన్న నియమం నుంచి అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ ఆహార నియమావళి ఎల్లోఫిన్, బ్లూఫిన్ లాంటి ట్యూనా జాతులకి మినహాయింపు ఇచ్చింది. కాబట్టి ఇక్కడ చూసుకోవాల్సింది పురుగుల్ని కాదు, మంచుని. గర్భిణులకి పాదరసం సంగతి వేరే ఉంది: బిగ్‌ఐ ట్యూనా వద్దని, ఎల్లోఫిన్ వారానికి ఒక్కసారి, 4 ఔన్సులు, అంటే 113 గ్రాములకి మించకుండా తినొచ్చని ఎఫ్‌డీఏ సూచన. పెద్ద బ్లూఫిన్ చాలా ఏళ్ళు బతికి పాదరసం పోగుచేసుకున్న చేప, గర్భిణులూ చిన్నపిల్లలూ మానేయడమే మంచిది.

ప్రశ్న: వంజరంలాగే ముక్కలు కోసి పులుసు పెడితే కర్రముక్కల్లా అయ్యాయి. నీచు కూడా. ఏం చేయాలి? (వుడ్‌బ్రిడ్జ్, న్యూజెర్సీ)

జవాబు: నీచంతా నడిమి గీత వెంబడి ఉండే ముదురు రంగు కండది. పదునైన కత్తితో దాన్ని పూర్తిగా తీసేయండి, కొంచెం ఎర్ర మాంసం పోయినా ఫరవాలేదు. మిగిలిన మాంసంలో కొవ్వు తక్కువ, ఎక్కువసేపు ఉడికితే నీరంతా వదిలేసి బిగుసుకుంటుంది. అందుకని పులుసు ముందు పూర్తిగా కాచేయాలి: ఉల్లిపాయ ముద్ద వేగి, చింతపండు పులుసు పోసి, కారం, ఉప్పు, ధనియాలపొడి వేసి, నూనె పైకి తేలేదాకా. అప్పుడు మంట తగ్గించి, ఒక అంగుళం మందం ముక్కలు పీచుకి అడ్డంగా కోసినవి జారవిడిచి, ఐదారు నిమిషాలకి దించేయండి. మిగతాది పులుసు వేడికే అవుతుంది. పూటాగి తింటే ఇంకా బాగుంటుంది అనేది ఈ చేపకీ వర్తిస్తుంది, కాకపోతే చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టండి, మళ్ళీ మరగకాచకుండా వెచ్చబెట్టండి. పొట్టభాగం వేరు. అందులో కొవ్వుంటుంది కాబట్టి వేపుడుకి, నిప్పుల మీద కాల్చడానికి దాన్ని దాచుకోండి.

ఫ్రీజర్‌లో గాలి లేకుండా సీలు వేసిన ముక్కలు కూడా రెండు మూడు నెలల్లో గోధుమరంగుకి తిరుగుతాయి. కూరకి పనికొస్తాయి, పచ్చిగా తినడానికి మాత్రం వద్దు.

ప్రశ్న: శాన్ డియేగోలో ఇవే పద్ధతులేనా? (ఇర్వైన్, కాలిఫోర్నియా)

జవాబు: వేట ఒకటే, కాగితాలు వేరు. అక్కడ 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ కాలిఫోర్నియా ఫిషింగ్ లైసెన్సు ఉండాలి, ఒక్కరోజుది కూడా దొరుకుతుంది. బ్లూఫిన్ మనిషికి రోజుకి 2. కరొనాడో దీవుల వైపు వెళ్ళే బోటైతే అవి మెక్సికో జలాలు, పాస్‌పోర్టు అడుగుతారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు వీసా ముద్ర గడువు, తిరిగి రావడానికి కావలసిన కాగితాలు ముందే వకీలుతో మాట్లాడి చూసుకోండి, ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు. ఎర అక్కడ ఎక్కువగా బతికున్న కవళ్ళు. 25 నుంచి 40 పౌండ్ల లీడర్‌కి చిన్న గాలం కట్టి, బరువు లేకుండా వదులుతారు. చురుగ్గా ఈదే కవళ్ళనే ఏరుకోండి, పొలుసులు రాలినదాన్ని ట్యూనా ముట్టదు. బోటులో ఇరవైముప్పై మంది ఉంటారు కాబట్టి చేప ఎటు పోతే అటు మీరూ నడవాలి. నిలబడిన చోటే ఉంటే పక్కవాళ్ళ తంగూసులన్నీ ముడిపడతాయి.

ప్రశ్న: విశాఖలో కూడా సూరలు పడతాయి కదా. జాలరి బోటుని ఒకరోజుకి మాట్లాడుకుని వెళ్ళొచ్చా? (మధురవాడ, విశాఖపట్నం)

జవాబు: పడతాయి. పూడిమడక, ముత్యాలమ్మపాలెం వాళ్ళు గాలాలతోనే ఎల్లోఫిన్, కొమ్ము కోనాం పడతారు. చేతితో తంగూసు లాగే వాళ్ళ పనితనం ముందు ఖరీదైన రీళ్ళు చిన్నవే. కానీ ఆ పడవలకి ఉన్నది చేపల వేట అనుమతి, ప్రయాణికుల్ని ఎక్కించుకునే అనుమతి కాదు. ఏదైనా జరిగితే మీకూ పడవ యజమానికీ బీమా వర్తించదు, కేసు అతని మీద పడుతుంది. పైగా పెద్ద చేప తగిలినప్పుడు చిన్న పడవలో తెలియని మనిషి అడ్డుగా ఉండటం ప్రాణాపాయం. పెద్ద కొమ్ము కోనాం లాగుడుకి అనుభవమున్న జాలర్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం కూడా ఉంటుంది.

దేశంలోనే సరదా వేటకి వెళ్ళాలంటే అండమాన్ దీవుల్లో అనుమతులున్న బోట్లు నడుస్తున్నాయి. లైఫ్ జాకెట్లు, రేడియో, మంచు పెట్టె, ఈ మూడూ కళ్ళతో చూసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.